మూసిన కిటికీ, పంచుకున్న ఊపిరి

డిసెంబరు సగం దాటాక ఆదిలాబాద్ జిల్లాలోనో పాడేరు మన్యంలోనో ప్రాథమిక పాఠశాలల్లో మొదట మూతపడేవి కిటికీలు. తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగి ఉంటుంది. రెక్క ఊడిన కిటికీకి అట్టముక్క అడ్డం పెడతారు. తలుపు దగ్గరగా వేస్తారు. మంకీ క్యాపులు, స్వెటర్లు, అన్న తొడిగి వదిలేసిన పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని పిల్లలు ఒకరికొకరు ఆనుకుని కూర్చుంటారు. గదిలో ఎక్కడో ఒక మూల ఎవరో ఒకరు చీదుతూనే ఉంటారు. నాలుగు రోజులు తిరిగేసరికి సగం తరగతి చీదుతుంటుంది. ఇంటి దగ్గర అమ్మ అనే మాట మాత్రం ఒకటే: "చలిగాలిలో తిరిగావు, పడిశం పట్టకేం చేస్తుంది?"

తరతరాలుగా అందరూ అంటున్న ఈ మాటను పరీక్షకు పెట్టిన వాళ్లున్నారు. 1946లో బ్రిటన్‌లో, సాలిస్‌బరీ పట్టణం పక్కన యుద్ధకాలంలో కట్టిన ఆసుపత్రి షెడ్లలో, జలుబు మీద పరిశోధనకే ఒక కేంద్రం తెరిచారు. దాని పేరు కామన్ కోల్డ్ యూనిట్. క్రిస్టఫర్ ఆండ్రూస్ అనే వైరస్ శాస్త్రవేత్త దానికి ప్రాణం పోశాడు. తిండి, బస, కొంచెం చేతి ఖర్చు ఇస్తామంటే జనం పదేసి రోజులు అక్కడికి వచ్చి ఉండేవారు. వాళ్ల ముక్కుల్లో జలుబు రోగి చీమిడిని వడగట్టిన ద్రవం చుక్కలుగా వేసి, ఎవరికి జలుబు చేస్తుందో చూసేవారు. నలభై ఏళ్లకు పైగా ఇదే పని. ఆ రోజుల్లోనే చలి సంగతి కూడా తేల్చాలనుకున్నారు. కొందరికి వేడినీళ్ల స్నానం చేయించి, తడి బట్టలతోనే గాలి వీచే వసారాలో నిలబెట్టారు. పాపం, వాళ్లు వణికిపోయారు. కానీ వైరస్ వేయకుండా వణికించిన వాళ్లెవరికీ జలుబు చేయలేదు. వైరస్ వేసి వణికించిన వాళ్లకూ, వైరస్ వేసి వెచ్చగా ఉంచిన వాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు.

అంటే అమ్మ మాట తప్పేనా? అంత తొందరగా తీర్పు చెప్పలేం. సాలిస్‌బరీ పరీక్షల్లో ఒక్కొక్క గుంపులో ఉన్నది కొద్దిమందే. 2005లో వేల్స్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ ఎకిల్స్, క్లెయిర్ జాన్సన్ కలిసి ఇంకాస్త పెద్ద పరీక్ష చేశారు. 90 మందిని 20 నిమిషాలు చన్నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చోమన్నారు. మరో 90 మంది ఖాళీ తొట్టిలో కాళ్లు పెట్టారు. తరువాతి నాలుగైదు రోజుల్లో జలుబు చేసిందని చెప్పినవారు మొదటి గుంపులో 13 మంది, రెండో గుంపులో 5 మంది. చలికి కాళ్లు చల్లబడితే ముక్కులోని రక్తనాళాలు కూడా ముడుచుకుపోతాయని, ముక్కులో అప్పటికే నక్కి ఉన్న వైరస్ అదను చూసుకుని విజృంభిస్తుందని ఎకిల్స్ ఊహ. వాళ్ల ముక్కుల్లో వైరస్ ఉందో లేదో పరీక్షించలేదు కాబట్టి అది ఊహగానే మిగిలింది.

2015లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ ఫాక్స్‌మన్, అకీకో ఇవసాకీ బృందం మరో మెట్టు లోపలికి దిగింది. జలుబు వైరస్‌లలో ముఖ్యమైనవి రైనోవైరస్‌లు. వాటిలో 160కి పైగా రకాలున్నాయి. ఒకదానికి శరీరం రాటుదేలేలోపు మరొకటి వస్తుంది కనుకే మనిషికి జలుబు నుంచి విముక్తి లేదు. బడికెళ్లే పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. ఈ రైనోవైరస్‌కు మన ఒంటి లోపలి 37 డిగ్రీల వేడి కంటే ముక్కు లోపలి 33 డిగ్రీల చల్లదనం బాగా నచ్చుతుందని ఎప్పటినుంచో తెలుసు. ఎందుకు నచ్చుతుందన్నదే ప్రశ్న. ఎలుకల శ్వాసనాళ కణాలను 33 డిగ్రీల దగ్గర, 37 డిగ్రీల దగ్గర పెంచి చూస్తే, చల్లని కణాల్లో వైరస్‌ను పసిగట్టి ఎదురుదాడికి దిగే శక్తి తగ్గిందని తేలింది. ముక్కు చల్లబడితే కాపలా కొంత సడలుతుందన్నమాట.

కాబట్టి అమ్మ మాటలో కొంత సత్తువ ఉంది. బిడ్డ చెవులకు, ఛాతీకి, పాదాలకు వెచ్చగా తొడగడం మంచిదే. కానీ చలి తనంతట తాను జలుబును పుట్టించలేదు. వైరస్ మరో మనిషి నుంచే రావాలి. ఎంత చలిలోనైనా పొలం గట్టు మీద ఒంటరిగా నడిచే మనిషికి కొత్త జలుబు అంటించేవాళ్లు ఎవరూ లేరు. వెచ్చగా మూసిన గదిలో నలభై మంది మధ్య కూర్చున్న బిడ్డకు అంటించేవాళ్లు చుట్టూ ఉన్నారు. మన జాగ్రత్తల్లో ఎక్కువ భాగం గట్టు మీది మనిషి మీద ఖర్చవుతోంది, గదిలోని బిడ్డ మీద చాలడం లేదు. ఈ అధ్యాయం నిండా నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఫ్లూ సంగతి జలుబుకు కొంచెం వేరు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ చలిదేశాల్లో శీతాకాలంలోనే ఎందుకు పేట్రేగుతుందన్నది చాలాకాలం అంతుచిక్కలేదు. పరీక్షించడానికి సరైన జంతువే దొరకలేదు. మామూలు ఎలుకలు ఒకదాని నుంచి ఒకటి ఫ్లూ అంటించుకోవు. న్యూయార్క్‌లో పీటర్ పలేసీ అనే శాస్త్రవేత్తకు 1919 నాటి ఒక వైద్య వ్యాసం కంటబడింది. న్యూ మెక్సికోలోని క్యాంప్ కోడీ సైనిక శిబిరంలో ఫ్లూ వచ్చిన రోజుల్లో ప్రయోగశాలలోని గినీ పందులు కూడా చచ్చిపోయాయని అందులో ఉంది. ఆ ఆనవాలు పట్టుకుని ఆయన, ఆనిస్ లోవెన్ కలిసి గినీ పందులను పక్కపక్క బోనుల్లో ఉంచి, గాలిలో వేడినీ తేమనూ మార్చి చూశారు. 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. 5 డిగ్రీల చల్లని గాలిలో, తేమ తక్కువగా ఉన్నప్పుడు ఒక బోను నుంచి మరో బోనుకు ఫ్లూ చక్కగా పాకింది. 30 డిగ్రీల దగ్గర గాలి ద్వారా పాకనే లేదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన కుటుంబాలకు ఈ ఫలితం నేరుగా పనికొస్తుంది. 0 డిగ్రీల దగ్గర గాలి ఘనపు మీటరుకు సుమారు 5 గ్రాముల నీటి ఆవిరినే పట్టి ఉంచగలదు. అదే గాలిని ఇంట్లోకి తెచ్చి హీటరుతో 22 డిగ్రీలకు వేడిచేస్తే 19 గ్రాములు పట్టగలదు. కొత్తగా నీరు వచ్చి చేరదు కాబట్టి తేమ పాతిక శాతానికి పడిపోతుంది. పెదవులు పగులుతాయి, ముక్కు లోపలి పొర ఎండుతుంది, కొందరు పిల్లలకు ముక్కు నుంచి రక్తం కారుతుంది. వైరస్‌ను పట్టి బయటికి నెట్టే జిగురు పొర పని మందగిస్తుంది.

మరి విజయవాడలో, వరంగల్‌లో? ఇక్కడే పశ్చిమదేశాల పుస్తకాన్ని పక్కన పెట్టి మన నేలను చూడాలి. మన దేశంలో ఎక్కువ ప్రాంతాల్లో ఫ్లూ ఏటా రెండుసార్లు తలెత్తుతుంది. వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి. దక్షిణాదిన వానల నాటి తాకిడే తరచుగా పెద్దది. గాలి నిండా తేమ ఉండే జూలై, ఆగస్టుల్లో ఫ్లూ పెరుగుతోందంటే పొడిగాలి ఒక్కటే కారణం కాలేదు. వానకూ చలికీ మన ఇళ్లలో, బళ్లలో ఉమ్మడిగా జరిగేది ఒకటుంది. తలుపులు, కిటికీలు మూసేస్తాం. మైదానంలో ఆడాల్సిన పిల్లల్ని గదిలో కూర్చోబెడతాం. మారుతున్న ఋతువుతో పాటు మన నడవడి కూడా మారుతోంది. దాని పాత్ర ఎంతన్నది లెక్కగట్టడం కష్టమే గానీ, మన చేతిలో ఉన్నది మాత్రం అదొక్కటే.

ఒక చిన్న లెక్క వేద్దాం. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న తరగతి గదిలో సుమారు 1,13,000 లీటర్ల గాలి పడుతుంది. అందులో 40 మంది పిల్లలు. కూర్చుని పాఠం వినే బిడ్డ గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నలభై మందికి 480 లీటర్లు. గది పూర్తిగా మూసి ఉంటే గంటలో ఆ వాయువు పది లక్షల పాళ్లలో నాలుగు వేల పైచిలుకు పాళ్లకు చేరుతుంది. బయటి గాలిలో అది 420 పాళ్లే. నిజానికి ఏ గదీ అంత గట్టిగా మూసుకోదు, సందుల్లోంచి కొంత పోతుంది. సగమే నిలిచిందనుకుందాం. బయటి గాలికంటే రెండు వేల పాళ్లు ఎక్కువ. మనం వదిలే ఊపిరిలో ఈ వాయువు దాదాపు నలభై వేల పాళ్లు ఉంటుంది. రెండు వేలను నలభై వేలతో భాగించండి. ఆ గదిలో బిడ్డ పీల్చే గాలిలో ఇరవయ్యో వంతు మరొకరి ఊపిరితిత్తుల్లోంచి అప్పుడే బయటికి వచ్చినది. గాలిని పంచుకుంటున్నాం అన్నది ఇక్కడ అలంకారం కాదు, కూడికలూ భాగహారాలూ చెప్పే నిజం.

ఈ నిజాన్ని బడిలోనే నిరూపించిన దంపతులున్నారు. విలియం ఫర్త్ వెల్స్, మిల్డ్రెడ్ వెల్స్. దగ్గినప్పుడు, మాట్లాడినప్పుడు నోటినుంచి వచ్చే తుంపరల్లో పెద్దవి కింద రాలిపోతాయి. చిన్నవి రాలేలోపే ఆరిపోయి, అగరుబత్తి పొగలా గదంతా తేలుతూ గంటల తరబడి ఉంటాయి. 1930లలోనే వెల్స్ ఈ సంగతి చెప్పాడు. 1937 నుంచి ఫిలడెల్ఫియా ప్రాంతంలోని కొన్ని పాఠశాలల్లో, పిల్లల కళ్లకు తగలకుండా గది పైభాగంలో అతినీలలోహిత దీపాలు అమర్చారు. పైకి తేలిన గాలిలోని సూక్ష్మజీవులు ఆ కాంతికి చచ్చిపోవాలన్నది పథకం. 1941లో అక్కడ తట్టు పెద్ద ఎత్తున వచ్చింది. దీపాలున్న తరగతుల్లో పిల్లలకు తట్టు బాగా తక్కువగా సోకింది. ఇంత స్పష్టమైన పాఠాన్ని వైద్య ప్రపంచం దశాబ్దాల పాటు పక్కన పడేసింది. 2020లో కోవిడ్ వచ్చాక, అదీ చాలా ఆలస్యంగా, గాలి మీద అందరి దృష్టీ పడింది. వెల్స్ మాట అప్పుడే విని ఉంటే మన బడుల కట్టడాలే మరోలా ఉండేవని నా నమ్మకం.

మనకు అతినీలలోహిత దీపాలు అక్కర్లేదు. ఎదురెదురు గోడల్లో ఒక్కో కిటికీ జానెడు తెరిచి ఉంచినా గాలి ఒక దారిన వచ్చి మరో దారిన పోతుంది. ఒకే గోడకు ఉన్న రెండు కిటికీలు బార్లా తెరిచినా అంత పని జరగదు. పాత సర్కారు బడుల్లో పైకప్పు కింద వెంటిలేటర్లు ఉండేవి. వేడెక్కిన ఊపిరి పైకి లేచి వాటిగుండా పోయేది. సున్నాలు వేసేటప్పుడు, పిచ్చుకలు గూళ్లు పెడుతున్నాయని ఆ వెంటిలేటర్లను మూసేసిన బడులు ఎన్నో. తెరిపించండి. పాఠం పాఠానికీ మధ్య ఐదు నిమిషాలు పిల్లల్ని వరండాలోకి పంపి తలుపులన్నీ తీస్తే గది గాలి దాదాపు కొత్తదవుతుంది. ఎండ ఎక్కాక పాఠం చెట్టు కిందికి మార్చగలిగిన బడికి అంతకంటే మేలు లేదు. ఈ విషయంలో పల్లె బడి అదృష్టం పట్నంలో అపార్టుమెంటు అంతస్తుల్లో నడిచే ఖరీదైన బడికి లేదు. అద్దాలు బిగించి, అదే గాలిని తిప్పితిప్పి చల్లబరిచే ఏసీ గదిలోకి కొత్త గాలి రాదు. ఫీజు కట్టే తల్లిదండ్రులు కంప్యూటర్ ల్యాబు గురించి అడిగినట్టే కిటికీల గురించి కూడా అడగాలి. కిటికీ తెరిస్తే చలి కదా అంటే, ఆ చలికి స్వెటర్ ఉంది.

ఒక చిక్కు ఉంది, దాన్ని దాచడం సరికాదు. చలికాలపు ఉదయం బయటి గాలి ఎప్పుడూ మంచిది కాదు. రాత్రి నేల త్వరగా చల్లబడి, దానికి ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది. దాని పైన వెచ్చని గాలి పొర మూతలా కూర్చుంటుంది. కట్టెల పొయ్యి పొగ, లారీల పొగ, చెత్త తగలబెట్టిన పొగ ఆ మూత కింద చిక్కుకుపోతాయి. సూర్యుడు నేలను వేడిచేశాకే అది తొలగుతుంది. పిల్లలు బడికి నడిచే వేళ, పొగ చిక్కగా ఉండే వేళ ఒకటే. అందుకే పొగమంచు విడిపోని తొలి గంటలో రోడ్డు వైపు కిటికీ మూసి, లోపలి వరండా వైపుది తెరవడం తెలివైన పని. తొమ్మిదిన్నర, పది దాటాక అన్నీ తెరవవచ్చు. వ్యాయామం, పరుగు పందేలు కూడా ఆ తరువాతే పెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇది మరీ ముఖ్యం. చల్లని పొడిగాలి, పొగ రెండూ వాళ్ల శ్వాసనాళాలను బిగుసుకుపోయేలా చేస్తాయి. పిల్లికూతలు వినిపించే బిడ్డ ఇన్‌హేలర్ ఇంట్లో అలమారాలో కాక బడి సంచిలో ఉండాలి. క్లాస్ టీచరుకు ఆ సంగతి తెలియాలి.

భోగి గురించి ఒక మాట. పండగ మంటకు నేను వ్యతిరేకిని కాను. ఆ తెల్లవారుజామున వీధివీధీ ఒకచోట చేరే వెచ్చదనం పిల్లలకు దక్కాల్సిందే. కానీ కొన్నేళ్లుగా మంటలో పాత టైర్లు పడుతున్నాయి, ప్లాస్టిక్ కుర్చీలు పడుతున్నాయి. కాలే టైరు నుంచి బెంజీన్, గంధక వాయువులు, క్యాన్సర్ తెచ్చే నల్లటి మసి వస్తాయి. పెద్దవాళ్లకంటే పిల్లలు తమ బరువుకు తగ్గ నిష్పత్తిలో ఎక్కువ గాలి పీలుస్తారు, మంటకు దగ్గరగా నిలబడేదీ వాళ్లే. పిడకలు, ఎండు కట్టెలు చాలు. వాటిదీ పొగే గనుక పిల్లల్ని గాలి వచ్చే వైపు నిలబెడితే మంచిది.

ఇక చేతులు. జలుబు గాలి ద్వారానే కాక చేతుల ద్వారా కూడా పాకుతుంది. చీమిడి తుడుచుకున్న చేయి పెన్సిలు ఇస్తుంది, ఆ పెన్సిలు మరొకరి నోట్లోకి వెళ్తుంది. కోవిడ్ నాటి నుంచి శానిటైజర్ సీసా అన్నిటికీ మందు అనే నమ్మకం పాతుకుపోయింది. ఫ్లూ, కోవిడ్ వైరస్‌ల చుట్టూ కొవ్వు తొడుగు ఉంటుంది. ఆల్కహాల్, సబ్బు రెండూ దాన్ని చీల్చేస్తాయి. జలుబు తెచ్చే రైనోవైరస్‌కు, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కు ఆ తొడుగు లేదు. వాటి మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బు నురుగుతో రుద్ది, పారే నీటితో కడిగేస్తేనే అవి చర్మాన్ని వదిలి పోతాయి. కరాచీలోని పేద బస్తీల్లో స్టీఫెన్ లూబీ బృందం చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇళ్లకు సబ్బులిచ్చి, చేతులు కడుక్కోవడం నేర్పి, ఏడాది పాటు వారంవారం వెళ్లి చూశారు. ఐదేళ్లలోపు పిల్లల్లో న్యుమోనియా సగానికి తగ్గింది, పదిహేనేళ్లలోపు వారిలో విరేచనాలు కూడా సగానికి పైగా తగ్గాయి. మన మధ్యాహ్న భోజనం వరుసకు ముందు కుళాయి దగ్గర ఒక సబ్బుముక్క వలలో వేలాడదీసి ఉంచడం ఎంత పని? అది అరిగిపోతే ఇంకొకటి పెట్టే మనిషి ఎవరో ముందే అనుకోవాలి, అంతే.

ఇన్ని చేసినా జలుబు చేస్తుంది. అప్పుడు ఏం చేయాలో కంటే ఏం చేయకూడదో చెప్పడం ఎక్కువ అవసరమైంది. మొదటి రెండు రోజులు నీళ్లలా కారిన ముక్కు మూడో రోజుకు చిక్కబడి, పసుపు పచ్చగా, ఆకుపచ్చగా మారుతుంది. "లోపల చీము పట్టింది" అని మెడికల్ షాపుకు పరుగెత్తి యాంటీబయాటిక్ తెచ్చేది అప్పుడే. వైరస్‌తో పోరాడటానికి వచ్చిన తెల్ల రక్తకణాల్లో ఇనుము ఉన్న ఒక ఎంజైమ్ ఉంటుంది. దాని రంగే ఆకుపచ్చ. కణాలు చచ్చి చీమిడిలో కలిస్తే ఆ రంగు వస్తుంది. బాక్టీరియా ఉందనడానికి అది రుజువు కాదు. జలుబు వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అనవసరంగా మింగించిన ప్రతిసారీ బిడ్డ పేగుల్లోని మంచి బాక్టీరియా చస్తుంది, మందుకు లొంగనివి మిగులుతాయి. దగ్గు కూడా మనం అనుకున్నంత త్వరగా పోదు. 2013లో అచ్చయిన ఒక సమీక్ష ప్రకారం జలుబుతో వచ్చిన దగ్గు పది రోజులకు సగం మంది పిల్లల్లోనే పూర్తిగా తగ్గుతుంది. పదిమందిలో తొమ్మిది మందికి తగ్గాలంటే పాతిక రోజులు పడుతుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలామంది తల్లులకు బెంగ తగ్గుతుంది, చాలా సీసాలు కొనకుండా మిగులుతాయి.

సీసాల మాట వచ్చింది కాబట్టి 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో జరిగింది మరువకూడదు. మామూలు దగ్గు, జలుబుకు ఇచ్చిన సిరప్ తాగిన పిల్లలకు మూత్రపిండాలు పాడై, ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది ఐదేళ్లలోపు వాళ్లు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రావకం 48.6 శాతం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. 0.1 శాతం మించకూడని విషం అది. ఆ పాపం తయారీదారులది, తనిఖీ చేయని వ్యవస్థది. బిడ్డకు మందు పోసిన తల్లిది కానే కాదు. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఆ అక్టోబరులోనే రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని, ఐదేళ్లలోపు వారికి సాధారణంగా సిఫారసు చేయవద్దని మళ్లీ చెప్పింది. కలుషితం కాని సిరప్ కూడా పిల్లల జలుబుకు చేసే మేలు స్వల్పం. బడి పిల్లవాడికి ఇచ్చిన సీసా ఇంట్లో ఉంటే, అంగన్‌వాడీకి వెళ్లే చెల్లెలికి కూడా అదే పోయడం మన ఇళ్లలో జరుగుతుంటుంది. జరగకూడదు.

మరి రాత్రి దగ్గుకు? పడుకోబోయే ముందు ఒక చెంచా తేనె. 2007లో అమెరికాలో 105 మంది పిల్లల మీద చేసిన పరీక్షలో రాత్రి దగ్గును తగ్గించడంలో తేనె ముందు నిలిచింది. ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం తేనె పెట్టకూడదు, బొట్యులిజం అనే ప్రమాదం ఉంది. మిరియాల పాలు, శొంఠి కషాయం గొంతుకు హాయినిస్తాయి, ఒంట్లోకి నీరు చేరుస్తాయి. అమ్మమ్మ చేతి ఆ వైద్యాన్ని కాదనడానికి కారణమేమీ లేదు. కర్పూరం దగ్గర మాత్రం గట్టిగా ఆగాలి. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి ఛాతీకి రాసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పిల్లలు కర్పూరం బిళ్లను తెల్లగా చూసి నోట్లో వేసుకుంటే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. పసిబిడ్డల చర్మం గుండా కూడా అది లోపలికి పోతుంది. మరిగే నీళ్ల గిన్నె మీద దుప్పటి కప్పి పిల్లలకు ఆవిరి పట్టించడంలో లాభం తక్కువ, గిన్నె తొణికి తొడలు కాలే ప్రమాదం ఎక్కువ. ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేస్తే ఆ పని సురక్షితంగా అవుతుంది.

జ్వరానికి పారాసిటమాల్ మంచి మందు. మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి ఉండాలి. కిలోకు 15 మిల్లీగ్రాములు మించకుండా, మోతాదుకూ మోతాదుకూ మధ్య ఆరు గంటలు. 20 కిలోల బిడ్డకు ఒకసారికి 300 మిల్లీగ్రాములు దాటకూడదు. బజారులో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్న సీసా ఉంది, 250 ఉన్నదీ ఉంది. రంగు ఒకటే, మూత ఒకటే. అందుకే "రెండు మూతలు పొయ్యి" అని ఫోనులో చెప్పే ముందు సీసా మీది అంకె చదివించాలి. పిల్లల జ్వరానికి ఆస్పిరిన్ వాడకూడదు. ఫ్లూలో, ఆటలమ్మలో ఆస్పిరిన్ వేస్తే మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు రావచ్చు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా, నీళ్లు కూడా తాగలేకపోయినా, మగతగా పడి ఉండి పిలిస్తే పలకకపోయినా, తగ్గిన జ్వరం రెండు రోజుల తరువాత మళ్లీ ఎక్కువై తిరగబెట్టినా ఇంటి వైద్యం ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే, నిద్రలో నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. నలభై, ఆపైన ఉంటే న్యుమోనియా అనుమానించాలి.

బిడ్డను బడికి పంపాలా, ఆపాలా? అమెరికా బడుల్లో ఒక నియమం ఉంది. జ్వరం మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే రావచ్చు. మనకూ ఇది సరిపోతుంది. ఉదయం మందు వేసి జ్వరం దించి పంపితే పదకొండు గంటలకు అది మళ్లీ వస్తుంది, ఈలోపు పక్కవాళ్లకు అంటుతుంది. ముక్కు కాస్త కారుతున్నా ఆడుతూ పాడుతూ ఉన్న బిడ్డను ఆపనక్కర్లేదు. అలా ఆపితే చలికాలమంతా సెలవే. గవదబిళ్లలకు వాపు మొదలైన రోజు నుంచి ఐదు రోజులు, చలికాలం చివర్లో వచ్చే ఆటలమ్మకు పొక్కులన్నీ పక్కుకట్టే దాకా ఇంట్లో ఉంచాలి. ఒకే దుప్పటి కింద ముగ్గురు పడుకునే ఇళ్లలో, గురుకులాల్లో చలికాలంలో గజ్జి పాకుతుంది. ఒక్క బిడ్డకే మందు రాస్తే వారానికి తిరిగి వస్తుంది, కలిసి పడుకునే అందరికీ ఒకే రాత్రి రాయాలి.

నూరు శాతం హాజరుకు బహుమతి ఇచ్చే బడులను ఆ పద్ధతి మానుకోమని నేను వేడుకుంటాను. జ్వరంతో కూడా వచ్చిన బిడ్డకు చప్పట్లు కొట్టిస్తే మిగతా ముప్పై తొమ్మిది మందికి జబ్బును బహుమతిగా పంచినట్టే. అలాగే, కూలికి వెళ్తేనే పూట గడిచే తల్లికి "ఇంట్లో ఉంచుకో" అని చెప్పడం తేలిక, ఆమె ఆ రోజు కూలి ఎవరిస్తారు? పక్కింటి పిన్నిగారో, ఊళ్లోనే ఉన్న మేనత్తో ఆ రెండు రోజులు చూసుకునే ఏర్పాటు జబ్బు రాకముందే మాట్లాడి పెట్టుకున్న వాడల్లో బిడ్డలు జ్వరంతో బడికి రారు.

బడిలో అంటుకున్నది బడిలో ఆగదు. సాయంత్రం ఇంటికొచ్చి నాయనమ్మ ఒళ్లో తల పెడుతుంది. ఫ్లూ వస్తే బడి పిల్లలు వారంలో లేచి తిరుగుతారు. చక్కెర వ్యాధి, గుండె జబ్బు, ఆయాసం ఉన్న తాతకు అదే ఫ్లూ ప్రాణం మీదికి తెస్తుంది. జపాన్‌లో 1962 నుంచి 1987 దాకా బడి పిల్లల్లో అత్యధికులకు ఫ్లూ టీకా వేశారు. తరువాత నిర్బంధం సడలించి, 1994లో ఆ కార్యక్రమాన్నే ఆపేశారు. టామస్ రైకర్ట్ బృందం 2001లో ఆ దేశపు మరణాల లెక్కలు తిరగేసి చూస్తే, టీకా సాగిన కాలంలో ఏటా 37,000 నుంచి 49,000 మరణాలు తప్పాయని, అవి ఎక్కువగా వృద్ధులవని అంచనాకు వచ్చింది. సుమారు 420 మంది పిల్లలకు టీకా వేస్తే ఒక ప్రాణం నిలిచింది. ఇది లెక్కల మీద కట్టిన అంచనా, దీని మీద వాదాలూ ఉన్నాయి. అయినా టీకా ఆగిన తరువాత మరణాల గీత పైకి లేవడం కళ్లకు కనబడుతుంది.

మన ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల జాబితాలో ఫ్లూ టీకా లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. అందరికీ సాధ్యం కాకపోతే ఇంట్లో ముందు ఎవరికి వేయించాలో పిల్లల డాక్టరుతో మాట్లాడండి. ఉబ్బసం ఉన్న బిడ్డ, ఐదేళ్లలోపు పిల్లలు, గర్భవతి, అరవై దాటిన పెద్దవాళ్లు ముందు వరుసలో ఉంటారు. వేయించిన రెండు వారాలకు గాని రక్షణ పూర్తిగా రాదు, ఆ రక్షణ కొన్ని నెలల్లో తగ్గుతూ వస్తుంది, వైరస్ వేషం మారుస్తుంది కనుక ఏటా కొత్తది వేయాలి. మన దగ్గర పెద్ద తాకిడి వానలతో మొదలవుతుంది. బడులు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. కాబట్టి ఈ చలికాలానికి వేయించుకోకపోయిన వాళ్లు వచ్చే మే నెలలో, యూనిఫారాలు కుట్టించే రోజుల్లోనే ఆ పని కూడా చూసుకోవాలి.